నాలుగు సాంచల పాటగాడు

సిరిసిల్ల జలపతికి తాగుడు లేదు, పేకాట లేదు, ఊరి మీద పడి తిరిగే అలవాటు లేదు. ఉన్నది ఒక్కటే పిచ్చి. ఎంత బతిమాలినా సాంచ ఆపి పాట పాడడు. సాంచ అంటే మరమగ్గం. ఆయన ఇంటి వెనుక రేకుల షెడ్డులో అవి నాలుగున్నాయి. నాలుగూ ఒక్కసారి నడిస్తే పక్కింటి దూలం మీది దుమ్ము కూడా తాళం వేస్తుంది. ఆ చప్పుడు నడుమ నిలబడి పాడతాడు. పాడింది రికార్డు చేసి మూడు ఊళ్ళకు పంపిస్తాడు.

పాడే పని ఆయనది. సిగ్గుపడే పని ఆయన భార్య శారదది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఏ పనైనా ఇద్దరూ చెరి సగం పంచుకున్నారు గానీ, ఈ ఒక్క పని మాత్రం మొత్తం ఆమె నెత్తినే పడింది.

మూడు ఊళ్ళంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. శారద అన్న హరిప్రసాద్ జగిత్యాలలో బడిపంతులు. పొద్దంతా పిల్లలకు లెక్కలు చెప్పి, సాయంత్రం హార్మోనియం ముందు కూర్చుంటాడు. ఆయనే రెండేళ్ళ కిందట ఫోనులో ‘ఇంటిపాట’ అని ఒక గ్రూపు పెట్టాడు. పాటంటే ప్రాణమిచ్చేవాళ్ళు, స్టేజీ ఎక్కమంటే కాళ్ళు వణికేవాళ్ళు నలభై మంది దాకా చేరారు. అందులో ఒక బస్సు కండక్టరు ఉన్నాడు. మందుల దుకాణం ఆయన ఉన్నాడు. కోరుట్లలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే సింధూజ ఉంది. ప్రతి ఆదివారం హరిప్రసాద్ ఒక పాట పేరు పెడతాడు. శుక్రవారం లోపల ఆ పాటను ఎవరింట్లో వాళ్ళు, తమకు తోచిన తీరున పాడి పంపాలి. గెలుపు లేదు, ఓటమి లేదు. ఉన్న నియమం ఒక్కటే. ఎవరి పాటనూ ఎవరూ తప్పు పట్టకూడదు.

ఆ నియమం పెట్టేటప్పుడు హరిప్రసాద్ తన బావను లెక్కలోకి తీసుకోలేదు, లెక్కల పంతులై ఉండి కూడా.

మిగతావాళ్ళు పాట రికార్డు చేసుకోవడానికి ఎంత తిప్పలు పడతారో శారదకు తెలుసు. కిటికీలు మూస్తారు, ఫ్యాను ఆపుతారు. సింధూజ అయితే దండెం మీద నాలుగు బొంతలు వేసుకొని, వాటి నడుమ దూరి పాడుతుందట. హరిప్రసాద్ ముందురోజే పక్కింటివాళ్ళకు చెప్పి వాళ్ళ కోడిపుంజును గంప కింద మూయిస్తాడు. అంత నిమ్మళంగా, అంత శుద్ధిగా ఒక్కొక్క పాటా వచ్చి గ్రూపులో కూర్చుంటుంటే, పూజ జరుగుతున్న ఇంట్లోకి ఇసుక ట్రాక్టరు వచ్చినట్టు జలపతి పాట వచ్చేది.

ఆయన పద్ధతే వేరు. నాలుగు సాంచలకూ నూలు చుట్టిన కండెలు నిండుగా ఉన్నాయా లేదా చూసుకుంటాడు. ఫోనును నూలుదారంతో గుంజకు కట్టేస్తాడు. దానికి ఎదురుగా నిలబడి, నోరు గంపంత తెరిచి, ఒక్కొక్క మాటనూ జొన్నరొట్టె నమిలినట్టు నమిలి నమిలి పాడతాడు. పాట ఏదైనా కానీ, ఎవరు కట్టిందైనా కానీ, ఈయన దగ్గరికి వచ్చేసరికి సాంచ నడకే దాని నడక.

మొదటి వారం జోలపాట వచ్చింది. మూడు ఊళ్ళలో తల్లులు కళ్ళు తుడుచుకునేలా అందరూ పాడారు. జలపతి జోలపాట వింటే నిద్రపోవలసిన పిల్ల లేచి, చెప్పులేసుకొని, వేములవాడ దాకా నడిచిపోయేట్టు ఉంది. అరగంట సేపు గ్రూపులో ఎవరికి వాళ్ళు, ఎదుటివాళ్ళే ముందు రాస్తారని చూశారు. నియమం ఉంది గనుక ఏదో ఒక మంచి మాట అనాలని కండక్టరే తెగించాడు. మంచిగున్నది అన్నా, పిల్లలు హుషారైతరు అని రాశాడు. జలపతి దాన్ని నిజంగానే మెప్పు కింద జమ కట్టుకున్నాడు.

ఇంకోసారి ఎడబాటు పాట వచ్చింది. గోదావరి ఒడ్డున ఒకామె మనసైనవాడి కోసం పొద్దు గుంకేదాకా ఎదురుచూస్తూ పాడుకునే పాట. జలపతి పాడితే ఆమెకు ఎదురుచూసే ఓపికే లేదు. కదులుతున్న ధర్మపురి బస్సు వెనుక కొంగు దోపుకొని ఉరుకుతున్నట్టుంది.

ఆ రోజు శారద ఉండబట్టలేక అడిగింది. “జర సాంచలు బందువెట్టి పాడరాదు?”

“బందువెడితే తాళమెట్ల?”

“తాళం ఫోన్లనే ఉంటదట గద. మా అన్న గదే వెట్టుకుంటడు.”

“ఫోన్ల తాళం బువ్వ వెడ్తదానే? మనకు బువ్వ వెట్టే తాళం గిదే.” అని మళ్ళీ షెడ్డులోకి పోయాడు. ఆయనతో వాదన పెట్టుకుంటే సబ్బు నీళ్ళలో చేపను పట్టుకున్నట్టే ఉంటుంది.

శుక్రవారం వచ్చిందంటే శారద ఫోను ముట్టుకునేది కాదు. తీసుకుపోయి బియ్యం డబ్బాలో పెట్టేది. డబ్బాలోంచి కూడా టింగు టింగుమని వినిపిస్తుంటే, ఒక్కొక్క టింగుకు ఒక్కొక్కరు పళ్ళికిలించినట్టే ఉండేది ఆమెకు.

సారంగాపూర్‌లో చుట్టాల ఇంట్లో నిశ్చితార్థానికి పోయినప్పుడు, ఆడవాళ్ళందరూ పూలు కడుతున్న చోట శారద వదిన శ్రీలత ఆ వారం జలపతి పాట పెట్టింది. హరిప్రసాద్ భార్య శ్రీలత చెడ్డది కాదు. నవ్వు ఆపుకోవడం చేతగాని మనిషి, అంతే. లోపల వంట చేస్తున్నామెకు ఆ పాట వినిపించి, పిండి రుబ్బుడు అయిపోయింది, ఎవరన్నా గ్రైండరు బందు పెట్టండని కేకేసింది. ఆడవాళ్ళు పూలు వదిలేసి పొట్టలు పట్టుకున్నారు. శ్రీలత కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, “శారదా, మీ ఆయిన నోరు గంతగనం తెరుస్తడేందే, పండ్ల డాక్టరుకు సూపెట్టినట్టు?” అని అడిగింది. శారద కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది. తర్వాత దొడ్లోకి పోయి, కడుక్కున్న కాళ్ళనే మళ్ళీ కడుక్కుంటూ చాలాసేపు నిలబడింది.

ఇది చాలదన్నట్టు జలపతి ప్రతి పాట కిందా రెండు ముక్కలు రాసేవాడు. పాట: జలపతి. డోలక్: భూమయ్య. ఆ రికార్డింగుల్లో డోలక్ అన్నది ఎవరికీ ఎన్నడూ వినిపించలేదు. కండక్టరు ఒకసారి, డోలక్ అని రాసినవు గని అన్నా, ఏ ఊళ్ళె కూసుండి వాయించిండు అని అడిగాడు. దానికి నలభై మందీ నవ్వారు. నియమం ఉన్నందుకు మెల్లగా నవ్వారు.

భూమయ్య డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి. నలభై ఏళ్ళు సాంచల మీద పనిచేస్తే ఆ చప్పుడు ఆయన రెండు చెవులనూ తినేసింది. పక్కన పిడుగు పడినా తెలియదు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. ఇప్పుడు సాంచ నడిపే ఓపిక లేక జలపతి షెడ్డులోనే కూర్చొని కండెలు చుడతాడు; సాంచల యజమాని గనుక జలపతిని ఆసామీ అని పిలుస్తాడు. తన మాట తనకు వినబడదు గనుక ఏం మాట్లాడినా వాడకట్టంతా వినేటట్టు మాట్లాడతాడు. ఆ మనిషిని పట్టుకొచ్చి డోలక్ ముందు కూర్చోబెట్టడం శారదకు మరింత తలవంపుగా ఉండేది. చెవిటివాని ముందు శంఖం ఊదడం విన్నాం గానీ, చెవిటివాని చేతనే శంఖం ఊదించడం ఎక్కడన్నా ఉందా అనుకునేది. రికార్డింగు వేళకు షెడ్డు గడప కూడా తొక్కేది కాదు. చాయ గ్లాసులు తలుపు దగ్గర పెట్టి తిరిగి వచ్చేది.

గ్రూపులో చప్పట్ల బొమ్మలు వస్తే జలపతి ఫోను తీసుకుపోయి భూమయ్యకు చూపించేవాడు. ముసలాయన ఒక్కొక్క బొమ్మ మీదా వేలు పెట్టి లెక్కపెట్టి, పదమూడు, అని అరిచేవాడు. పోయిన వారం పన్నెండే గద అని ఇద్దరూ మురిసిపోయేవాళ్ళు. మర్యాద కోసం పెట్టిన చప్పట్లకు అట్లా మురిసే ఇద్దరు మగవాళ్ళను చూస్తే శారదకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఇట్లా రెండేళ్ళు గడిచాయి. దసరా దాటిన వారంలో హరిప్రసాద్ ఒక కబురు పెట్టాడు. ఫోనులో విన్న గొంతులన్నీ ఒకసారి కలవాలె. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం కోరుట్లలో, సింధూజ కుట్టు నేర్పే హాలులో, ఇంటిల్లిపాదీ రావాలె. ఒక్కొక్కరు పాడిన ఒక్కొక్క పాటను పెద్ద స్పీకరులో వేద్దాం. దానికోసం అందరూ కొత్తగా ఒక పాట పాడి పంపండి.

శారద ఆ కబురు రెండుసార్లు చదివింది. ఫోనులో అయితే డబ్బాలో పెట్టి మూత వేయవచ్చు. హాలుకు మూత ఎక్కడిది. జగిత్యాల నుంచి వదిన తరఫు వాళ్ళు వస్తారు. ధర్మపురి నుంచి చిన్నాయన వస్తున్నాడట. శారదకు ఈ సంబంధం కుదిర్చింది ఆయనే. పిల్లగాడికి పని తప్ప వేరే ధ్యాస లేదు, చూసుకోండి అని నలుగురిలో మాట ఇచ్చిన పెద్దమనిషి.

మరునాడు హరిప్రసాద్ ఫోను చేశాడు. అటు తిరిగి ఇటు తిరిగి వానల ముచ్చట, వడ్ల ముచ్చట అయినంక మెల్లగా అసలు సంగతికి వచ్చాడు.

“చెల్లె, బావకు జర జెప్పరాదు. గీ ఒక్కసారి సాంచలు లేకుంట పాడుమని. నేను జెప్తె నా నియమం నేనే తప్పినట్టయితది.”

ఆ మాటతో శారదకు ముఖం మాడిపోయింది. అంటే ఇన్నాళ్ళూ తన అన్న కూడా సిగ్గుపడుతూనే ఉన్నాడన్నమాట. నియమం చాటున దాక్కొని సిగ్గుపడుతున్నాడు.

ఆ పూట అన్నం వడ్డిస్తూ జలపతిని అడిగింది. ఆయన ఎప్పటిలాగే నవ్వులాటగా తీసుకొని, సాంచలను కోరుట్లకు తీసుకుపోలేం గనుక వాటి గొంతన్నా తీసుకుపోవద్దా అన్నాడు. శారద నవ్వలేదు. గంటె కిందపెట్టింది.

“ఇరవై రెండేండ్లల నిన్నేమన్న అడిగిన్నా? చీర అడిగిన్నా, సొమ్ము అడిగిన్నా? ఒక్క పాట అడుగుతున్న. మావోళ్ళ ముంగట నన్ను తల దించుకోనియ్యకు.”

జలపతి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “గది తప్ప ఏదన్న అడుగు శారదా,” అన్నాడు.

తర్వాత రెండు రోజులూ ‘గది’ తప్ప అన్నీ చేశాడు. జుట్టుకు రంగు వేయించుకున్నాడు. కొత్త చొక్కా కుట్టించాడు. మీసం మూలలు సమానంగా ఉన్నాయో లేదోనని దారంతో కొలిపించుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే గోళ్ళు కూడా తీసుకున్నాడు. శారదకు మాత్రం ఆ చొక్కాను చూసినా, మీసాన్ని చూసినా హాలు నిండా నవ్వుతున్న ముఖాలే కనిపించాయి.

గురువారం పగటిపూట, అన్నాలు తిన్నాక, షెడ్డులో సాంచలు మొదలయ్యాయి. జలపతి గొంతు సవరించుకోవడం వినిపించింది. శారద అప్పుడే ఒక నిర్ణయానికి వచ్చేసింది. షెడ్డు కరెంటు వేరు, ఇంటి కరెంటు వేరు. షెడ్డు మెయిను స్విచ్చు తలుపు పక్కనే గోడకు ఉంటుంది. కరెంటు పోయిందనుకుంటాడు, పాట మధ్యలో ఉంటాడు గనుక ఆపకుండా పాడేస్తాడు, ఒక్క పాటన్నా శుద్ధిగా వస్తుంది. ఆమె లెక్క అది. నడుస్తున్న సాంచను అట్లా గభాలున ఆపితే పోగులు తెగుతాయని ఆ ఇంట్లో ఆమెకు తెలియనిది కాదు. తెగితే తెగనీ అనుకుంది. పైకి చేయి చాపి మెయిను కిందికి గుంజింది.

నాలుగు సాంచలూ ఒక్క దెబ్బకు నిలబడ్డాయి. చప్పుడు పోయిన చోట జలపతి గొంతు ఒక్కటే మిగిలింది.

శారద చెయ్యి స్విచ్చు మీదనే ఉండిపోయింది. ఆ గొంతు బాగుంది. ఊరికే బాగుండడం కాదు. ఎండాకాలం కొత్త కుండలోంచి ముంచుకున్న నీళ్ళలాగా లోపలికి దిగుతోంది. ఇరవై రెండేళ్ళు ఆ మనిషితో ఉండి, ఆ గొంతును ఆమె ఇప్పుడు వింటోంది. దాని కింద డోలక్ కూడా వినిపించింది. ఒక్క దెబ్బ కూడా అటూ ఇటూ పోకుండా, చేటలో బియ్యం చెరిగినంత ఒద్దికగా.

నాలుగు దెబ్బల సేపే ఆ ఒద్దిక. ఐదోది ముందు పడింది. ఆరోది వెనుకబడింది. తర్వాత డోలక్ పూర్తిగా ఆగిపోయింది.

శారద లోపలికి తొంగిచూసింది. భూమయ్య సాంచలకు వీపు పెట్టి పీట మీద కూర్చొని ఉన్నాడు. చెప్పుల్లేని రెండు మడమలనూ వెనుక ఉన్న సాంచ ఇనుప కాలుకు ఆనించి, పాదాలను నేలకు అదిమి పెట్టాడు. కళ్ళు మాత్రం ఎదురుగా ఉన్న జలపతి నోటి మీదే ఉన్నాయి. ఆ నోరు ఇంకా పాడుతోంది. భూమయ్య చేతులు గాలిలో నిలిచిపోయాయి. ఆయన తన పాదాల వంక చూసుకున్నాడు. ఒక కాలు ఎత్తి నేల మీద కొట్టి చూశాడు. రెండోదీ కొట్టి చూశాడు.

“ఆసామీ,” అన్నాడు. ఆ నిశ్శబ్దంలో ఆ మాట ఉరిమినట్టు వినిపించింది. “చెవులు పాయె. ఇగ కాళ్ళు గూడ పాయెనా?”

జలపతి పాట ఆపి తలెత్తాడు. తలుపు దగ్గర శారద, ఆమె చెయ్యి మెయిను మీద. ఒక్క క్షణం చూశాడు. తర్వాత పోయి భూమయ్య భుజాలు పట్టుకొని వెనక్కి తిప్పి, నిలబడిపోయిన సాంచలను చూపించాడు. పెదవులు పెద్దగా కదిలిస్తూ, “కరెంటు పోయింది కాకా. నీ కాళ్ళకేమైంది, బంగారమసొంటియి,” అన్నాడు.

ముసలాయన ఊపిరి పీల్చుకున్నాడు. ఆ తలుపులోంచి నడింట్లో గిర్రున తిరుగుతున్న ఫ్యాను ఆయనకు కనిపించింది. ఫ్యాను వంక చూశాడు. శారద చెయ్యి ఎక్కడుందో చూశాడు. తర్వాత ఎవరి వంకా చూడకుండా, “గీ కరెంటోళ్ళకు ఎన్నడు బుద్ధి రావాలె,” అని డోలక్ పక్కన పెట్టి, బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోయాడు.

తెగిన పోగులు ఒక సాంచకే అరవై దాకా తేలాయి. జలపతి ఒక పక్కన, శారద ఒక పక్కన కూర్చొని ముడులు వేయడం మొదలుపెట్టారు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. సిగ్గంటే ఏమిటో తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని రెండేళ్ళుగా ఆమె అనుకుంటోంది. అదంతా ఇంకొకరి పుణ్యాన వచ్చిన సిగ్గు. ఇది తన వేళ్ళ దగ్గరే మొదలైంది. ముడి వేస్తున్న ఆ వేళ్ళను చూసుకోవడానికే ముఖం చెల్లడం లేదు.

జలపతి పోగులతో మాట్లాడుతున్నట్టు తలవంచుకొని మెల్లమెల్లగా చెప్పాడు. భూమయ్య ముప్పై ఏళ్ళు భజనల్లో డోలక్ వాయించిన మనిషి. చెవులు పోయినాక తాళం తప్పుతున్నాడని మండలివాళ్ళు, నువ్వు అలసిపోయినవు కూర్చో అని కూర్చోబెట్టారు. చిడతలు కూడా చేతికివ్వలేదు. ఆయన డోలక్‌ను చిలక్కొయ్యకు తగిలించి, మళ్ళీ దాని ముఖం చూడలేదు. ఒకనాడు కండెలు చుడుతుంటే జలపతి గమనించాడు. ముసలాయన కాలి బొటనవేలు నేల మీద సాంచతో కలిసి ఆడుతోంది. ఒక్కటి తప్పడం లేదు. సాంచ చప్పుడు చెవుల దారి మూసేసింది గానీ, నేలలోంచి పాదాల దారిన పోతూనే ఉంది. తాళం పాదాలకు, మాట కళ్ళకు. అందుకే ఆ సాంచలు, అందుకే ఆ గంపంత నోరు.

“మరి నాకు జెప్పకపోతివి,” అంది శారద.

“నీకు జెప్తె నువ్వు వదినకు జెప్తవు, వదిన ఊరికి జెప్తది. అందరు అయ్యో పాపం ముసలోడు అంటరు. గా మాట ఆయిన అందరి పెదవులల్ల చదువుతడు. ఇప్పుడైతె నన్ను జూసి నవ్వుతున్నరు. నవ్వనియ్యి, నాకేం తక్కువైంది.”

మిగిలిన ముడులన్నీ శారదే వేసింది. సాయంత్రం సాంచలు మళ్ళీ నడిచాయి. పాట ఎప్పటిలాగే ట్రాక్టరులాగా కోరుట్లకు పోయింది.

అనుకున్న ఆదివారం వేములవాడలో బస్సు మారి ముగ్గురూ కోరుట్లలో దిగారు. జలపతి కొత్త చొక్కాలో ఉన్నాడు. భూమయ్య ఇస్త్రీ పంచె కట్టి, డోలక్‌ను తెల్లటి కొత్త గుడ్డలో చుట్టి, చంటిపిల్లలాగా చంకన పెట్టుకున్నాడు. పాట స్పీకరులోనే వేస్తారు, డోలక్ ఎందుకని జలపతి ఎంత చెప్పినా, పెండ్లికి పోతూ పెండ్లికొడుకును ఇంట్లో పెట్టి పోతారా అని వినలేదు.

హాలు బండల నేల. కుట్టు మిషన్లన్నీ గోడల వెంబడి జరిపి జంపఖానాలు పరిచారు. ఒక్కొక్కరి పాటా స్పీకరులో వచ్చింది. సింధూజ పాటకు శ్రీలత కళ్ళు తుడుచుకుంది. చివరన జలపతి పాట వేయగానే కిటికీ అద్దాలు గజగజలాడాయి. ఎవరో ఒకరు మొదలుపెట్టారు, ఇంక హాలంతా నవ్వింది. ధర్మపురి చిన్నాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. భూమయ్యకు ఏమీ వినబడక, నవ్వుతున్న ముఖాలన్నీ చూసి తానూ సంబరంగా నవ్వాడు. శారద తల దించుకోలేదు. దించుకోవాలని మెడ లాగింది గానీ, పట్టుకొని కూర్చుంది.

అంతటితో అయిపోయేదే. సింధూజ మంచి మనసున్న పిల్ల. ఆమె లేచి నిలబడి, రెండేళ్ళుగా డోలక్ భూమయ్య అని చదువుతున్నం గని ఒక్కనాడు వినలేదు, ఇయ్యాల తాత మన ముంగటనే ఉన్నడు, సాంచలు గూడ లేవు, ఒక్కసారి ఇద్దరు ఇక్కడనే పాడి వినిపియ్యాలె అంది. అందరూ చప్పట్లు కొట్టారు. భూమయ్య ఆమె పెదవుల మీద డోలక్ అన్న మాట పట్టుకున్నాడు. ఎవరూ పిలవకముందే లేచి, పోయి మధ్యన కూర్చొని, గుడ్డ విప్పుతున్నాడు.

జలపతి ముఖంలో రక్తం లేదు. ఆ మనిషి సిగ్గుపడడం గానీ భయపడడం గానీ శారద ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు రెండూ ఒక్కసారే చూసింది. ఆయన భూమయ్యకు ఎదురుగా పోయి నిలబడ్డాడు. చెప్పులు విడిచి కాలితో తాళం వేయబోయాడు. బండల నేల అదరలేదు, భూమయ్య పాదాల దాకా ఏదీ పోలేదు. ఇంకా గట్టిగా తన్నాడు. కాలు తన్నితే గొంతు ఎగిరింది, గొంతు పట్టుకుంటే కాలు ఆగింది. భూమయ్య డోలక్ మీద చేతులు ఎత్తి పట్టుకొని, పాదాలు నేలకు అదిమి, ఏదో రావాలని ఎదురుచూస్తున్నాడు. ఏదీ రావడం లేదు. వెనుక కండక్టరు ఎవరితోనో ఏదో గుసగుసగా అన్నాడు. శ్రీలత శారద చెవిలో, సాంచ తేలేదా అంది.

ఆ ముసలాయన ఇంకొక్కసారి కాలెత్తి నేల మీద కొట్టి చూస్తే శారద తట్టుకోలేదు.

లేచింది. చిన్నాయన ముందు నుంచి, అన్న ముందు నుంచి, నలభై గొంతుల ముందు నుంచి నడిచి పోయింది. భూమయ్య వెనుక బండల మీద చతికిలబడింది. కొంగు నడుముకు దోపుకొని, కుడి అరచెయ్యి ఆయన వీపు మీద ఆనించి, తాళం వేయడం మొదలుపెట్టింది.

ఆ తాళం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇరవై రెండేళ్ళు సాంచల చప్పుడులోనే బియ్యం ఏరింది, ఆ చప్పుడులోనే నిద్రపోయింది. చెయ్యి వేస్తే అదే వచ్చింది.

భూమయ్య వీపు ముందు ఉలిక్కిపడింది. తర్వాత నిటారైంది. మొదటి దెబ్బ డోలక్ మీద పడింది. రెండోది, మూడోది. జలపతి నోరు గంపంత తెరిచాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి తీరిక లేదు. ఆ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ ఉందా అన్నట్టు నోళ్ళు తెరుచుకొని, వాళ్ళే పండ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు. హరిప్రసాద్ హార్మోనియం దగ్గరికి జరగబోయి, మళ్ళీ ఎందుకో ఆగి చేతులు కట్టుకున్నాడు. శారద ఇవేవీ సరిగా చూడలేదు. అందరూ తననే చూస్తున్నారన్న సిగ్గుకు ముఖం కాలిపోతుంటే, ఆ సిగ్గుతోనే కొట్టింది. రెండుసార్లు చెయ్యి తొందరపడింది. ఒకసారి కొంగు జారితే సర్దుకోబోయి ఒక దెబ్బ వదిలేసింది. ముసలాయన సర్దుకొని లాక్కుపోయాడు.

పాట అయిపోయింది. చప్పట్లు మొదలై, ఆగాల్సిన చోట ఆగకుండా నడుస్తున్నాయి. శ్రీలత అందరికంటే గట్టిగా కొడుతోంది. భూమయ్య డోలక్‌ను ఒళ్ళోంచి దించి, వెనక్కి తిరిగి శారదను ఎగాదిగా చూశాడు. తర్వాత జలపతి వైపు తిరిగి, తన మామూలు గొంతుతోనే, అంటే కోరుట్ల బస్టాండు దాకా వినిపించేటట్టు, చెప్పాడు.

“ఆసామీ, గీ సాంచ మంచిగనే నడుస్తున్నది గని, బెల్టు జర వదులున్నది. నడుమ నడుమ జారుతున్నది, సూస్కో.”

హాలంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. చిన్నాయన కండువా తీసి మోకాళ్ళ మీద కొట్టుకున్నాడు. జలపతి భార్య వంక భయం భయంగా చూశాడు. శారద చెమట పట్టిన అరచేతిని కొంగుకు తుడుచుకుంది. ముసలాయనకు కనిపించేలా ముఖం ఎత్తి, నోరు గంపంత తెరిచి, ఒక్కొక్క మాటనూ నమిలి నమిలి చెప్పింది.

“గీ సాంచల పొద్దుగాల సంది ఒక్క చాయ సుక్క పొయ్యకపాయె కాకా. గిదే శాన నడిచింది అనుమను మీ ఆసామిని.”